అవతలి ఒడ్డున ఎవరున్నారు?

జనవరి 20, 1981, మంగళవారం

వచ్చింది! వారపత్రికలో నా కథ. పేరు అచ్చులో ఎంత బాగుందో. బి. విజయకుమారి, అమలాపురం. మూడో తరగతి పిల్లలకి ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ, పత్రిక బల్ల సొరుగులో పెట్టుకుని చదివాను. నేను రాసిందే అయినా తర్వాత ఏమవుతుందో తెలియనట్టు చదివాను. ఈలోగా పిల్లలు ఏడో ఎక్కాన్ని ఎనిమిదో ఎక్కంలో కలిపేశారు. పోనీలే అనుకున్నాను.

కథ పెద్దదేం కాదు. ఒక టీచరు ఒకరోజు మధ్యాహ్నం సెలవు పెట్టి, ఇంటికి పోకుండా బస్సెక్కి ముక్తేశ్వరం రేవుకి వెళ్తుంది. పంటు ఎక్కి గోదావరి దాటి, కోటిపల్లి ఒడ్డున కాసేపు కూర్చుంటుంది. జీళ్ళు కొనుక్కు తింటుంది. మళ్ళీ పంటు ఎక్కి వచ్చేసి, ఇంట్లో అన్నం వండుతుంది. ఎవరికీ చెప్పదు. అంతే.

మొదట 'ఆమె' అని మొదలుపెట్టాను. ఆ 'ఆమె' రేవు దాకా వచ్చి గట్టు మీదే నిలబడిపోయింది. ఎంత బతిమాలినా ఎక్కదు. 'ఆమె' కొట్టేసి 'నేను' అని పెట్టగానే పంటు కదిలింది. ఇదేం విచిత్రమో.

అన్నట్టు, అంతా కల్పితమే. నేను ఆ రేవు దాటింది ట్రైనింగుకి కాకినాడ వెళ్ళినప్పుడు, అదీ మా నాన్నగారితో.

సాయంత్రం మా ఆయనకి చూపించాను. తాలూకా ఆఫీసు గుమాస్తాగారు కదా, కథనీ అర్జీలాగే చదివారు. ఒక వాక్యం దగ్గర వేలు పెట్టి ఆగిపోయారు.

"అవతలి ఒడ్డు నుంచి చూస్తే మన ఒడ్డు దగ్గరగా కనపడుతుందని రాసేవేంటే? ఇటు నుంచి ఎంతో అటు నుంచీ అంతే కదా. కావాలంటే మా సర్వేయరు గార్ని అడుగుతాను."

"కథండీ అది," అన్నాను.

"కథైతే మాత్రం గోదారి వెడల్పు మారిపోద్దా?"

అత్తయ్యగారికి చదువు రాదు. నా పేరు ఎక్కడుందో చూపించమన్నారు. చూపించాను. దాని మీద వేలు పెట్టి, "ఇదా" అన్నారు. అంతే. ఆవిడ మాటలు చాలా పొదుపు. పత్రిక మాత్రం తీసుకెళ్ళి తన చీరల మడతలో పెట్టుకున్నారు.


జనవరి 22, గురువారం

కొంప మునిగింది.

గురువారం గుడిలో స్త్రీల కూడిక. బడి వదిలి నేను వెళ్ళేసరికి పాటలయిపోయాయి, సాక్ష్యాల వేళ. మా సంఘంలో సాక్ష్యమంటే ఒకరు లేచి 'నేను' అని మొదలుపెట్టి, చేసిన తప్పు చెప్పుకుని, ప్రభువు తనని ఎలా తిప్పుకున్నాడో చెప్పి కూర్చోవడం. బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆ నాలుగు గోడల మధ్య 'నేను' అని విన్నదల్లా సాక్ష్యమే.

లోపల పాస్టరమ్మగారు జీవరత్నం గారు నిలబడి చదువుతున్నారు. చేతిలో వారపత్రిక! అత్తయ్యగారు చీర మడతలోంచి తీసి ఆవిడకిచ్చారట. కోడలు ఏం రాసిందో వినాలనిపించి ఉంటుంది. అది ఇంట్లో నన్ను అడగొచ్చు కదా. అడగరు.

పాస్టరమ్మగారు మంచి గొంతుతో, కీర్తనల గ్రంథం చదివినట్టు చదువుతున్నారు.

"నేను పంటు ఎక్కితిని..."

ఎక్కితిని అని నేను రాయలేదు.

"స్తోత్రం!" అన్నారు చాపల మీది ఆడవాళ్ళు.

"నేను జీళ్ళు కొనుక్కున్నాను."

"ప్రభువా!"

"మళ్ళీ పంటు ఎక్కి, ఇంటికొచ్చి అన్నం వండాను."

అందరూ ఎదురు చూశారు. పాస్టరమ్మగారు పేజీ తిప్పారు. అవతలి పేజీలో తలనూనె ప్రకటన.

"ఇంకా ఉందా అమ్మా?" గుమ్మంలో నన్ను చూసి అడిగారు.

"లేదండి. అయిపోయిందండి."

"మరి మారుమనస్సేదమ్మా?"

పత్రికవాళ్ళు చోటు లేక కోసేశారేమోనని ఒకావిడ నా తరఫున మాట్లాడింది. ఇంకొకావిడ, "అవతలి ఒడ్డున ఎవరున్నారో అది చెప్పలేదు చూడండి," అంది. అప్పుడు నలభై తలలూ నా వైపు తిరిగాయి.

సగంలో ఆగిపోయిన నా సాక్ష్యం పూర్తి కావాలని అందరూ మోకరించి ప్రార్థన చేశారు. నేనూ చేశాను. నిలబడితే బాగుండదు కదా.


జనవరి 23, శుక్రవారం

పొద్దున్నే పాస్టరు కృపానందం గారు, సంఘ పెద్ద సాలమోను గారు ఇంటికి వచ్చారు. కాఫీ ఇచ్చాను. పాస్టరు గారు మంచివారు, కాఫీ బాగుందన్నారు. సాలమోను గారు గ్లాసు ముట్టుకోకుండానే మొదలుపెట్టారు.

"అమ్మా విజయకుమారీ, మేమేం అనుకోం. ఉన్నదున్నట్టు చెప్పేయండి. అవతలి ఒడ్డున ఎవరున్నారు?"

"ఎవరూ లేరండి. అది కథండి. 'నేను' అన్నంత మాత్రాన నేను కాదండి."

"మీరు టీచరు కాదా?"

"టీచరునేనండి."

"మీది అమలాపురం కాదా?"

"అవునండి."

"మరి మీరు కాకపోవడమేంటండీ?"

కోర్టులో అయితే నాకు శిక్ష పడిపోయేది. మా ఆయన తలుపు పక్కన నిలబడి అంతా విన్నారు.


జనవరి 25, ఆదివారం

ఆయన నాతో మాట్లాడి రెండు రోజులైంది. ఆఫీసులో ఎవరో "ఇస్సాకు గారూ, పంటు టైమెంతండీ?" అని అడిగారట. అడిగినవాడు నిజంగానే కోటిపల్లి వెళ్ళాల్సినవాడు కావచ్చు. ఈయనకి ఆ సంగతి చెప్పేదెవరు?


జనవరి 26, సోమవారం

"అవతల ఎవరున్నారే?" అడిగారు, గోడకేసి తిరిగి పడుకుని.

"ఎవరూ లేరండి."

"ఎవరూ లేనిదానికి ఎందుకెళ్తాది?"

"ఎవరండీ?"

"అదే. ఆ కథలో ఆవిడ."

పోనీ, 'ఆవిడ' అన్నారు. అదే పదివేలు.


ఫిబ్రవరి 1, ఆదివారం

మొదటి ఆదివారం, ప్రభు బల్ల. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. సాలమోను గారు ముందుగానే వచ్చి, నన్ను ఈ నెల బల్లకి రావద్దన్నారు. వచ్చే నెల మొదటి ఆదివారం లేచి, సంఘం ముందు మాట్లాడాలట. సాక్ష్యం నిజమైతే మిగతా సగం చెప్పాలి. నిజం కాకపోతే రాసిందంతా అబద్ధమని ఒప్పుకుని, ఇక ఇలాంటివి రాయనని చెప్పాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇంటికొచ్చే దారిలో మా ఆయన అన్నారు. "అబద్ధమని చెప్పేసి కూచో. ఇంక రాయనను. అయిపోద్ది."

"రాయడం మానేయమంటారా?"

"రాసి ఏం బాగుపడ్డాం?"

నాకు ఏడుపొచ్చింది. నడిరోడ్డు కదా, సుందరి జడ సరిచేస్తున్నట్టు వంగాను. ఏడేళ్ళ పిల్లకి అన్నీ కావాలి. "అమ్మా, నీ పంటు మునిగిపోయిందా?" అంది.


ఫిబ్రవరి 3, మంగళవారం

పత్రిక నుంచి కార్డు వచ్చింది. ఉగాది సంచికకి ఇంకో కథ పంపమన్నారు. 'మీ "నేను" చాలా సహజంగా ఉంది' అన్నారు. వాళ్ళకేం, వాళ్ళది అమలాపురం కాదు.


ఫిబ్రవరి 5, గురువారం

నిర్ణయించుకున్నాను. ఈ డైరీలో ఇక నేను ఉండను. 'నేను' అంటే చాలు, జనం ప్రార్థనకి వస్తున్నారు. ఇవాళ్టి నుంచి విజయకుమారి ఉంటుంది. ఆవిడ తిప్పలు ఆవిడే పడుతుంది.

విజయకుమారి ఇవాళ కూడికకి వెళ్ళలేదు. తలనొప్పి అని చెప్పింది. తలనొప్పి లేదు. చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. అత్తగారు ఒక్కరే వెళ్ళి, ఒక్కరే వచ్చారు. కోడలి వైపు ఒకసారి చూసి, ఏదో అడగబోయి ఊరుకుని, గింజలు తీయడానికి తానూ కూర్చున్నారు.

ఇలా రాస్తుంటే హాయిగా ఉంది. నాకేం సంబంధం లేదు.


ఫిబ్రవరి 10, మంగళవారం

విజయకుమారి ఉగాది కథ మొదలుపెట్టింది. ఈసారి తెలివిగా 'ఆమె' అని. టీచరు కాదు, ఒక రైతు భార్య. అమలాపురం కాదు, ఆలమూరు. రేవు లేదు, పంటు లేదు. 'ఆమె' ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపులన్నీ తెరిచి, నట్టింట్లో మంచం వాల్చుకుని, మధ్యాహ్నమంతా ఊరికే పడుకుంటుంది. వంట చెయ్యదు. భర్త వస్తే పెరుగన్నం పెడుతుంది. ఇందులో ఎవరికి ఏం దొరుకుతుందో చూస్తాను.

'నేను' అని రాస్తే సొంతింట్లో తిరిగినట్టు, జుట్టు ముడి వేసుకోకుండా తిరగొచ్చు. 'ఆమె' అని రాస్తే పక్కింటికి వెళ్ళినట్టు, చీర సర్దుకోవాలి. కానీ పక్కింట్లో ఉన్నప్పుడే కదా మన ఇల్లెలా ఉంటుందో కనపడేది.

బాగా వస్తోంది. మూడో పేజీలో మాత్రం తెలియకుండా 'నేను మంచం వాల్చుకున్నాను' అని పడింది. కొట్టేసింది.


ఫిబ్రవరి 14, శనివారం

మంగాయమ్మ గారు మా వీధి చివర మేడ ఇంటావిడ. రెండు కొబ్బరి తోటలు, పన్నెండెకరాల మాగాణి, వారపత్రికకి చందా. విజయకుమారిని ఆపి, "నీ కథ చదివేనమ్మాయ్. పంటు టిక్కెట్టు ఇంకా పావలానేనా?" అని అడిగారు. ఆడవాళ్ళు ఒక్కళ్ళే ఎక్కితే ఏమైనా అంటారా అని కూడా అడిగారు. ఏమీ అనరండి, అని విజయకుమారి చెప్పింది. తనకెలా తెలుసో చెప్పలేదు.

కొత్త కథ చదివి చూడమని ఆవిడకే ఇచ్చింది. హిందువుల ఇల్లు, సాక్ష్యాల గొడవ ఉండదని ధైర్యం. గంటలో ఆవిడే గబగబా వచ్చారు.

"ఇదెవరమ్మా, ఈ ఆమె?"

"ఎవరూ కాదండి. కల్పించాను."

"మరి మా నట్టింటి మంచం గురించి నీకెవరు చెప్పేరు? మా పాలేరా?"

విజయకుమారి ఒట్టేసి చెప్పింది. ఆవిడ నమ్మలేదు. కోపమూ రాలేదు. వెళ్తూ వెళ్తూ, "పెరుగన్నం కాదులే, ఆరోజు చద్దన్నమే పెట్టేను. అది దిద్దుకో," అన్నారు.


ఫిబ్రవరి 19, గురువారం

ఇదేం చోద్యం. మంగాయమ్మ గారు ఆ కాగితాలు తిరిగి పంపుతూ, దారిలో కనపడిన పాస్టరమ్మగారి చేతికిచ్చారు. పాస్టరమ్మగారు చదివేశారు. సాయంత్రం బడి గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

"విజయా, ఒక్క మాట. ఆ మంచం మీద పడుకున్నావిడ..."

"మీరు కాదండి అమ్మగారూ."

"నేను కాదనే నేనూ చెప్పడానికొచ్చేను," అన్నారు ఆవిడ. కాసేపు కొంగు అంచు మడతపెట్టి, "మొన్న అయ్యగారు రాజోలు మీటింగులకెళ్ళినప్పుడు నేను పడుకున్న మాట నిజమే గానీ, ఆవిడంతసేపు కాదు," అన్నారు.

విజయకుమారికి నవ్వొచ్చింది. పాస్టరమ్మగారికీ వచ్చింది. ఇద్దరూ గేటు పట్టుకుని నవ్వారు.

చూడబోతే లోకం తీరు ఇది. 'నేను' అని రాస్తే అందరూ అది విజయకుమారే అంటారు. 'ఆమె' అని రాస్తే ప్రతివాళ్ళూ అది తామే అంటారు. ఎవరూ కాని మనిషి గురించి రాయడం ఎలాగో, ఏ ట్రైనింగు కాలేజీలోనూ చెప్పలేదు.


ఫిబ్రవరి 22, ఆదివారం

ఒక్క వారం. ఆయన అడిగారు, "ఏం చెప్తావ్?" చెప్పలేదు. తెలియదు కనుక.


ఫిబ్రవరి 24, మంగళవారం

ఇది కూడా కథే. రాసి పెట్టుకుంటే పోలా.

నవంబరులో ఒకరోజు విజయకుమారి బడికి ఇన్‌స్పెక్షన్ అన్నారు. తర్వాత లేదన్నారు. మధ్యాహ్నం నుంచి సెలవిచ్చేశారు. ఆవిడ ఇంటికే బయల్దేరింది. బస్టాండు దగ్గరకి వచ్చేసరికి ముక్తేశ్వరం బస్సు నిలబడి ఉంది. కిటికీ పక్క సీటు ఖాళీ. ఎక్కి కూర్చుంది. ఎందుకెక్కిందో ఆవిడకి తెలియదు. ఆ పూట ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. భర్త మంచివాడు, అత్తగారు గయ్యాళి కాదు. పోట్లాట ఉంటే బాగుండేది, కారణమని చెప్పుకోవడానికి.

రేవులో పంటు సిద్ధంగా ఉంది. సైకిళ్ళు, మేకలు, అరటి గెలలు. ఎక్కింది. ఎవరూ పలకరించలేదు. అమలాపురంలో అడుగు తీసి అడుగు వేస్తే టీచరమ్మా అనేవాళ్ళు, ఇస్సాకు గారి భార్య అనేవాళ్ళు, రాహేలమ్మ కోడలు అనేవాళ్ళు, సుందరి అమ్మ అనేవాళ్ళు. పంటు మీద ఒక మేక మాత్రం ఆవిడ చీర చెంగు నమలబోయింది. అంతకంటే పరిచయం ఎవరితోనూ లేదు.

అవతల గట్టు మీద కూర్చుంది. జీళ్ళు కొనుక్కుంది. ఇటు చూస్తే మన ఒడ్డు ఎంత దగ్గరగా ఉందో. ఇక్కడి నుంచి చూసినప్పుడల్లా ఆ ఒడ్డు ఎక్కడో పరాయి దేశంలా ఉండేది. అక్కడ కూర్చుంటే మన కొబ్బరి చెట్లు చేత్తో అందేలా ఉన్నాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళిపోవచ్చు అనిపించింది. అలా అనిపించాక వెళ్ళడం ఏమీ కష్టంగా లేదు. నాకు ఎంత సంతోషం వేసిందంటే, జీళ్ళు నోట్లో పెట్టుకుని నవ్వుకున్నాను.

(పై వాక్యంలో 'ఆవిడకి' అని దిద్దాలి. తర్వాత దిద్దుతాను.)

ఆయనకి చెబ్దామనే అనుకుంది విజయకుమారి. ఆ రాత్రి అన్నం పెడుతూ నోటిదాకా వచ్చింది. అవతల ఎవరూ లేరంటే నమ్ముతారా? ఎవరైనా ఉంటే కోప్పడి ఊరుకునేవారేమో. ఎవరూ లేరంటేనే భయం వేసేట్టుంది.


ఫిబ్రవరి 28, శనివారం

రేపే. 'అంతా అబద్ధం, ఇక రాయను.' అద్దం ముందు నిలబడి చెప్పి చూసుకుంది విజయకుమారి. బాగానే వచ్చింది. పిల్లల పద్యంలా.


మార్చి 1, ఆదివారం

అన్నం తినలేదు, నీళ్ళు తాగలేదు, ఇది రాయడానికి కూర్చున్నాను. ఒక్క ముక్క కూడా మరిచిపోకూడదు.

ఆరాధన అయ్యాక, ప్రభు బల్లకి ముందు, సాలమోను గారు లేచి నా పేరు పిలిచారు. గుడి నిండా జనం. ఆడవాళ్ళు చాపల మీద ఇటు, మగవాళ్ళు అటు. మా ఆయన మగవాళ్ళలో గోడకి ఆనుకుని తల వంచుకుని ఉన్నారు. నేను లేచాను. అద్దం ముందు వచ్చిన మాట రాలేదు. 'అంతా' అన్నాను. 'అబద్ధం' అనలేకపోయాను. ఆ గట్టు, ఆ జీళ్ళు, ఆ మేక, అబద్ధమని ఎలా అనను?

"చెప్పండమ్మా," అన్నారు సాలమోను గారు.

నా పక్కన చాప కదిలింది. అత్తయ్యగారు లేచారు. మోకాళ్ళ నొప్పి కదా, నా భుజం పట్టుకుని లేచారు.

"నాకు సాక్ష్యముందండి."

గుడంతా ఆవిడ వైపు తిరిగింది. ఇన్నేళ్ళలో అత్తయ్యగారు ఒక్కసారీ సాక్ష్యం చెప్పలేదు. పాస్టరు గారు చెప్పమన్నట్టు చెయ్యి చూపారు.

"అందరికీ వందనాలండి. నేనెప్పుడూ లెగలేదు, ఇయ్యేళ లెగిసేను. ఆ కతలో రేవు దాటింది నేనండి. కోడలికి నేనే చెప్పేను, అది రాసింది. దాని తప్పేం లేదు."

ఆవిడ నాకెప్పుడు చెప్పారు? ఏం చెప్పారు?

"మా ఇస్సాకు అప్పుడు చంటోడు. మా అత్త కాడ వదిలేసి, ఊడుపులకెళ్తన్నానని చెప్పి రేవు కాడికెళ్ళేను. అప్పుడు పంటు లేదు, నావ. ఎక్కేను. అవతల కూకున్నాను. వచ్చేసేను. అన్నం వండేను. ఎవరికీ చెప్పలేదు. మారుమనస్సంటారా, అందులో నేనేం తప్పు చేసేనో ఇప్పటిదాకా తెలీదండి. తెలిస్తే మారతాను."

సాలమోను గారు గొంతు సవరించుకున్నారు. ఆ మాట అడగకుండా ఉండలేకపోయారు పాపం.

"అవతలి ఒడ్డున ఎవరున్నారు రాహేలమ్మా?"

"మీయమ్మ, బాబూ."

ఎక్కడో ఒక పిల్లాడు కిసుక్కుమన్నాడు. ఎవరో వాడి నోరు మూశారు.

"ఆనపకాయలమ్ముకోడానికొచ్చేనంది. బుట్టలో ఒక్క కాయ లేదు. నన్ను చూసి, 'నువ్వూ వచ్చేవా రాహేలూ' అంది. ఇద్దరం ఒక్క నావలోనే తిరిగొచ్చేం. మహాతల్లి, పోయేదాకా ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, ఇయ్యేళ దాకా."

సాలమోను గారు కూర్చున్నారు. ఆయన ముఖం చూస్తే నాకు జాలి వేసింది. ఖాళీ బుట్టతో కూర్చున్న తల్లిని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టున్నారు.

"స్తోత్రం!" అంది ఒక గొంతు. పాస్టరమ్మగారు. చాపల మీద ఒక్కొక్కరే అందుకున్నారు. స్తోత్రం, స్తోత్రం, స్తోత్రం. ఇలాంటి స్తోత్రం మా గుడిలో నేనెప్పుడూ వినలేదు. పాస్టరు గారు నవ్వు ఆపుకోవడానికి కళ్ళు మూసుకుని, "బల్ల దగ్గరికి రండి, అందరూ," అన్నారు.

అందరూ అన్నారు. నేనూ వెళ్ళాను.


మార్చి 2, సోమవారం

నిన్న దారిలో జరిగింది ఇప్పుడు రాస్తున్నాను. ఆయన ముందు నడుస్తున్నారు, మేమిద్దరం వెనక.

"అత్తయ్యగారూ, మీరెప్పుడు చెప్పేరండీ నాకు?"

"చెప్పలేదు."

"మరి?"

"నువ్వెళ్ళేవని నాకు తెలిసింది కదా, అందుకు గుడిలో లెగిసి చెప్పేను."

నేను నిలబడిపోయాను. "ఎలా తెలిసిందండీ?"

"పాస్టరమ్మగారు చదివింది కదా, అటు నుంచి చూస్తే మన ఒడ్డు దగ్గరగా ఉంటాదని. అది ఊహించి రాసే మాట కాదమ్మా. కూకుని చూసినోళ్ళకే తెలుస్తాది."

అంతే. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని నడిచాను. విడిపించుకోలేదు. పెళ్ళైన ఎనిమిదేళ్ళూ ఈవిడ మౌనానికి భయపడ్డాను. నాలాంటి మనిషే అని ఒక్కసారీ అనుకోలేదు.

ఇంట్లో ఆయన చొక్కా కూడా విప్పకుండా నిలబడ్డారు.

"నన్ను వదిలేసెళ్ళేవా అమ్మా?"

"వచ్చేను కదరా."

ముప్పై అయిదేళ్ళ మనిషి, చంటిపిల్లాడిలా అయిపోయారు. అత్తయ్యగారు దగ్గరికెళ్ళి వీపు మీద ఒక్క దెబ్బ వేశారు, ముద్దుగా. అప్పుడు ఆయన నా వైపు తిరిగారు.

"నువ్వు కూడానా?"

"ఆయ్," అన్నాను. "నవంబర్లోనండి."

"ఎందుకే?"

"తెలీదండి. ఎందుకూ లేదు. చాలా బాగుందండి."

ఆయన నా ముఖం చాలాసేపు చూశారు. నేను తల దించుకోలేదు. "ఎవరూ లేరా?" అన్నారు మెల్లగా. అది అనుమానం కాదు. దిగులు.

"ఎవరూ లేరండి. నేనే ఉన్నాను."


మార్చి 7, శనివారం

ఆలమూరు కథ పూర్తి చేసి పంపేశాను. 'ఆమె' అనే ఉంచాను. మధ్యలో ఒక చోట 'నేను' పడింది, దాన్నీ ఉంచాను. చద్దన్నం అని దిద్దాను. ఆ నేను ఎవరని పత్రికవాళ్ళు అడిగితే, మీ ఇంట్లో ఆడవాళ్ళని అడగమని రాస్తాను.

ఆయనే తపాలా పెట్టెలో వేశారు. రాయొద్దన్న మాట మళ్ళీ ఎత్తలేదు. "ఒక ఆదివారం మనిద్దరం రేవు దాకా వెళ్దామా?" అన్నారు.

"ఇద్దరం వెళ్తే అది షికారండి," అన్నాను.


మార్చి 14, రెండో శనివారం

ఆయనకి సెలవు. పొద్దున్న చొక్కా తొడుక్కుని, సైకిలుకి గాలి కొట్టించుకొస్తానని వెళ్ళారు. ఎంతకీ రారు. మధ్యాహ్నం అన్నం వేళ దాటింది. సైకిలు చూస్తే వరండాలోనే ఉంది. అత్తయ్యగారు సైకిలు వైపు చూశారు, నా వైపు చూశారు, లోపలికెళ్ళి పడుకున్నారు.

పొద్దుగూకే వేళ వచ్చారు. జుట్టంతా రేగి ఉంది. చేతిలో జీళ్ళ పొట్లం. సుందరి చేతిలో పెట్టి, కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నారు. నేను అన్నం వడ్డించాను. రెండు ముద్దలు తిన్నాక అడిగాను. అడగకుండా ఎలా ఉంటాను?

"అవతలి ఒడ్డున ఎవరున్నారండీ?"

"మంగాయమ్మ గారున్నారే," అన్నారు, ఇంకా ఆశ్చర్యం తీరనట్టు. "గట్టు మీద కూచుని జీళ్ళు తింటన్నారు. నన్ను చూసి, 'మీరూ వచ్చేరా' అన్నారు."

లోపల గదిలో అత్తయ్యగారు నవ్వడం వినపడింది. ఆవిడ నవ్వు నేను మొదటిసారి విన్నాను. నేనూ నవ్వాను. ఆయనా నవ్వారు, పొలమారి నీళ్ళు తాగారు.

గ్లాసు కింద పెట్టి, కంచంలోకి చూస్తూ, మెల్లగా అన్నారు.

"మన ఒడ్డు దగ్గరగానే కనపడిందే."

నేను ఇంకొంచెం అన్నం పెట్టాను. వద్దనలేదు.